పలకా బలపమా, ఇసకా బొమ్మలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు నర్సరీ అడ్మిషన్ల మీదే, సీజన్ అలాంటిది మరి, గుంటూరు బెజవాడల్లో ఏ కరెంటు స్తంభం చూసినా ‘అడ్మిషన్స్ ఓపెన్’ అని ఫ్లెక్సీనే. ఒకదానికి కాస్త వివరంగా, మిగతావాటికి పొట్టిగా జవాబు రాస్తున్నా.

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది గుంటూరు పట్టాభిపురం. బాబుకి మూడేళ్ళు నిండాయి, ఈ జూన్‌లో నర్సరీలో వెయ్యాలి. రెండు స్కూళ్ళు చూశాం. ఒకటి బ్రాడీపేటలో, ఇంటికి పది నిమిషాలు, మా బావగారి పిల్లలు అక్కడే చదివారు. నర్సరీ నుంచే ఫోర్ లైన్స్ కాపీ, ఏబీసీడీలు, అఆలు, ఒకటి నుంచి వంద, రోజూ హోంవర్క్, నెలకో టెస్ట్. రెండోది గోరంట్ల వైపు, ‘మాంటిస్సోరి కమ్ ప్లే వే’ అంట, ఇసక గుంట, బొమ్మలు, పుస్తకాల్లేవు, పరీక్షల్లేవు, ఫీజు మాత్రం మొదటిదానికి డబుల్ పైనే, వ్యాన్‌లో ఊరంతా తిప్పుకుని నలభై నిమిషాలు. మావారు మొదటిదే అంటారు, నాకు రెండోది నచ్చింది. అత్తగారైతే ‘ఆడుకోడానికి అన్ని వేలు కట్టడమేంటే, మన వాకిట్లో ఆడుకోడా’ అంటున్నారు. మా ఆడపడుచు పాప వీడికన్నా నాలుగు నెలలే పెద్ద, యాభై దాకా అంకెలు రాసేస్తుంది, ఫంక్షన్‌కి వెళ్తే అందరి ముందూ రైమ్స్ చెప్తుంది, మావాడు పెన్సిల్ ఇస్తే నోట్లో పెట్టుకుంటాడు లేదా గోడ మీద గీస్తాడు, ఒక్క చోట కూర్చోడు. మూడేళ్ళు ఆడించి ఫస్ట్ క్లాస్‌కి పెద్ద స్కూల్‌కి తీసుకెళ్తే అక్కడ రాయమంటే ఏం చెయ్యాలి? ఏది మంచిదో మీరే చెప్పండి.
— పేరు వద్దు, గుంటూరు

జవాబు: మీ అత్తగారి ప్రశ్నతోనే మొదలుపెడతా అమ్మా, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో గట్టి ప్రశ్న ఆవిడదే. వాకిట్లో ఆడుకుంటే సరిపోదా అంటే, వాకిలుండి, అందులో ఇంకో నలుగురు పిల్లలుండి, కొట్టుకున్నప్పుడు విడదీసి ‘వాడి వంతు అయ్యాక నీ వంతు’ అని చెప్పే పెద్దవాళ్ళొకరుంటే నిజంగా సరిపోతుంది, మూడేళ్ళకి స్కూల్ అక్కర్లేదు కూడా. కానీ పట్టాభిపురంలో ఇప్పుడు వాకిలంటే కార్ పార్కింగే గదా, పిల్లలు ఎవరింట్లో వాళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆ లేని వాకిలికే మనం ఫీజు కడుతున్నాం, ఆవిడకి ఇలా చెప్పి చూడండి, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నవ్వుతారు.

ఇక పాత పద్ధతి, కొత్త పద్ధతి అని మనం అనుకునేవాటిలో ఏది నిజంగా పాతదో చూద్దాం. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ అనే ఆయన తన జిల్లాలో తెలుగు, కన్నడ వీధిబళ్ళు ఎలా నడుస్తున్నాయో మద్రాసు ప్రభుత్వానికి రిపోర్టు రాశాడు. పిల్లల్ని ఐదేళ్ళకి బళ్ళో వేసేవాళ్ళంట, అక్షరాల్ని నేల మీద ఇసకలో వేలితో రాసి నేర్చుకునేవాళ్ళంట, యూరప్ దేశాల్లో లాగా అక్షరాల్ని నోటితో పలికించి నేర్పడం కాదు అని ఆయనే రాసుకున్నాడు. అంటే ఐదేళ్ళ దాకా అక్షరం జోలికి పోలేదు, పోయినప్పుడు కూడా ఇసక, వేలు, అంతే. మూడేళ్ళ పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల మధ్య ఇరికించి రాయమనడం మన తాతల పద్ధతి కానే కాదు, మన ఊళ్ళల్లో ఇంగ్లీష్ మీడియం కాన్వెంట్లు, వాటి మధ్య పోటీ పెరిగాక వచ్చింది. అలాగని పాతదంతా బంగారం అని కూడా అనను, అదే రిపోర్టులో ఇంకోటుంది, పొద్దున్నే మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో ‘సరస్వతి’ అని రాసేవాళ్ళంట, రెండోవాడికి సున్నా, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా లేటయ్యేకొద్దీ పెరుగుతూ పోయేవంట.

మాంటిస్సోరి సంగతి చూస్తే ఇంకా తమాషా. మరియా మాంటిస్సోరి ఇటలీలో డాక్టరు, 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది, 1939లో మద్రాసు అడయార్ వచ్చి యుద్ధం అయ్యేదాకా ఇక్కడే మన టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. ఆవిడ పద్ధతిలో గరుకు కాగితంతో కోసి అట్ట మీద అంటించిన అక్షరం మీద పిల్లలు వేలు పోనిస్తూ దాని శబ్దం పలుకుతారు, మన ఇసకలో ఓనమాలకి దగ్గరి చుట్టమే. పైగా అది మీరనుకుంటున్నట్టు ఆట బడి కాదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో కలిసి ఉంటారు, పొద్దున దాదాపు మూడు గంటలు బెల్లు, పీరియడ్ల గోల లేకుండా ఎవరి పని వాళ్ళు ఎంచుకుని చేస్తారు, తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలి, ఒకరి చాప మీదకి ఇంకొకరు వెళ్ళకూడదు. క్రమశిక్షణ కావాలనేవాళ్ళు చూస్తే ముచ్చటపడతారు. ‘ప్లే వే’ అంటే ఆటలతోనే నేర్పే ఇంకో పద్ధతి, ఆ రెంటినీ ఒకే బోర్డు మీద ‘కమ్’ పెట్టి కలిపారంటే నాకు అక్కడే అనుమానం. మాంటిస్సోరి అనే పేరు మీద ఎవరికీ పేటెంటు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు, హైవే మీద ప్రతి డాబా హైదరాబాదీ బిర్యానీ అని రాసుకున్నట్టే, లోపల ఏముందో కూర్చుని తింటే గానీ తెలీదు. బెజవాడకి ఈ పేరు కొత్తేం కాదు, వి. కోటేశ్వరమ్మ గారు 1955లోనే మాంటిస్సోరి పేరుతో బడి మొదలుపెట్టారు, 2017లో ఆవిడకి పద్మశ్రీ కూడా వచ్చింది, అందుకే మన పక్క పెద్దవాళ్ళకి ఆ పేరంటే ఒక గౌరవం, ఆ గౌరవాన్నే ఇప్పుడు చాలామంది ఫ్లెక్సీలకి వాడేసుకుంటున్నారు. గోరంట్లలో మీరు చూసిన చోట ఆ సామాను పిల్లల చేతికి అందే అరల్లో ఉందా, లేక అద్దాల బీరువాలో తాళం వేసి, వచ్చినవాళ్ళకి చూపించడానికి ఉందా? అది గుర్తు తెచ్చుకోండి.

పరిశోధనలు ఏమన్నా చెప్తున్నాయా అంటే చెప్తున్నాయి గానీ ఒక్క మాటలో తేల్చవు. అమెరికాలో మిల్వాకీ ఊళ్ళో ఒక ప్రభుత్వ మాంటిస్సోరి బడిలో సీట్లు లాటరీ తీసి ఇచ్చేవాళ్ళు, లాటరీ తగిలిన పిల్లల్నీ తగలక వేరే బళ్ళకి వెళ్ళిన పిల్లల్నీ పోల్చి చూస్తే, ఐదేళ్ళ వయసుకి చదవడంలో, లెక్కల్లో, తోటిపిల్లలతో మసలుకోవడంలో మాంటిస్సోరి వాళ్ళే మెరుగ్గా ఉన్నారని 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. కానీ అది పద్ధతిని నిక్కచ్చిగా పాటించే బడి. ఆ పరిశోధన చేసినావిడే 2012లో ఇంకోటి చేసింది, అసలు సామానుతో పాటు వర్క్‌షీట్లు అవీ ఇవీ కలిపేసిన మాంటిస్సోరి బళ్ళని కూడా చూసింది, వాటిల్లో ఆ లాభం అంతగా కనపడలేదు. ఇప్పుడు అర్థమైంది గదా ‘కమ్’ అంటే నాకెందుకు భయమో. ఇంకోవైపు టెన్నెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీస్కూల్‌కి వెళ్ళిన పిల్లలు మొదట్లో అక్షరాల్లో అవీ ముందున్నారు, ఆరో క్లాసుకి వచ్చేసరికి వెళ్ళనివాళ్ళ కన్నా వెనకబడ్డారు అని 2022లో తేలింది, ఎందుకలా అయ్యిందో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు అర్థమైంది ఒకటే, నాలుగేళ్ళప్పుడు ముందుండటం పదకొండేళ్ళకి గ్యారంటీ ఏం కాదు. అలాగని అక్షరాలు నేర్పడమే పాపం అనేవాళ్ళతో కూడా నేను కలవను, శబ్దాలు ఒక వరసలో, ఓపిగ్గా నేర్పితే పిల్లలకి మేలే, మూడేళ్ళ చేత రాయించడంతోనే నా గొడవంతా.

ఆ చెయ్యి గురించి కొంచెం చెప్పాలి. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి కార్టిలేజ్, ఒక్కోటే గట్టిపడుతూ వస్తాయి, మూడేళ్ళ పిల్లాడి చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిల్లో సగం కూడా కనపడవు, చివరిది గట్టిపడేసరికి పదేళ్ళు అటూఇటూ అవుతుంది. ఎముకల వల్లే రాయలేడని కాదు, వేళ్ళ కండరాలు, కన్ను, భుజం అన్నీ కలిసి పనిచెయ్యడానికి టైం పడుతుంది, పెన్సిల్‌ని మూడు వేళ్ళతో సరిగ్గా పట్టుకోవడం మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్యలో కుదురుతుంది. మీవాడు పిడికిలితో పట్టుకుని గోడ మీద పెద్ద పెద్ద గీతలు గీస్తున్నాడంటే వాడి వయసుకి చెయ్యాల్సిన పనే చేస్తున్నాడు, భుజం కదిలించి గీయడం ముందు, వేళ్ళు కదిలించి రాయడం తర్వాత. పైగా మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు, మెలికలు, ‘అ’ రాయాలంటే చెయ్యి ఎన్ని తిరుగుళ్ళు తిరగాలి! వాడి చేత చపాతీ పిండి పిసికించండి, పచ్చి బఠాణీలు ఒలిపించండి, బట్టలారేసేటప్పుడు క్లిప్పులు వాడినే పెట్టమనండి, చిన్న గ్లాసుతో బక్కెట్లోంచి నీళ్ళు మొక్కలకి పోయమనండి, గోడకి ఒక పాత క్యాలెండర్ షీట్లు తిరగేసి అంటించి అక్కడ గీయమనండి. ఇవన్నీ రాయడానికి తయారీయే, డైరీలో రాయరు అంతే.

ఆడపడుచు పాప సంగతి. యాభై దాకా రాయడం బావుంది, మెచ్చుకోండి, దిష్టి తీయండి. కానీ ఎవరూ లేనప్పుడు ఆ పాప ముందు గుప్పెడు చింతగింజలు పోసి ‘నాకు ఏడు ఇవ్వమ్మా’ అని అడిగి చూడండి. ఇవ్వగలిగితే పాపకి ఏడు తెలుసు. ఇవ్వలేకపోతే ఏడు ఆకారం తెలుసు, ఒకటి రెండు మూడు వరస తెలుసు, ఏడంటే ఎంతో ఇంకా తెలీదు, అది తప్పు కాదు, ఆ వయసులో చాలామందికి తెలీదు. మీవాడిని కూడా మూడు అడిగి చూడండి. ఈ పరీక్ష మీకోసమే సుమా, ఫంక్షన్‌లో అందరి ముందూ పెట్టారంటే ఆడపడుచుతో మాటలుండవు, ఆ పాపం నాకొద్దు.

ఫస్ట్ క్లాస్ భయం నిజమైన భయమే, కొట్టిపారెయ్యను. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 13 ప్రకారం అడ్మిషన్‌కి పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు, పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా. చట్టం అలా ఉంది, ఆఫీస్ రూమ్‌లో ఇంకోలా ఉంటుంది, ‘ఊరికే ఇంటరాక్షన్’ అంటారు. జాతీయ విద్యా విధానం 2020లో మూడు నుంచి ఆరేళ్ళ దాకా ప్రీస్కూల్, ఆరు నిండాక ఒకటో తరగతి, ఈ ప్రీస్కూలూ మొదటి రెండు తరగతులూ కలిపి ఒకే దశ అన్నారు, ఆ దశకి పాఠ్యప్రణాళిక 2022లో వచ్చింది, అదంతా ఆటలు, కథలు, మాటల చుట్టూనే ఉంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ అయితే 2019లోనే ప్రీస్కూల్ పిల్లలకి నోటితో గానీ రాతతో గానీ ఏ పరీక్షా పెట్టొద్దంది. మీ బ్రాడీపేట స్కూల్ నెలనెలా పెట్టే టెస్ట్ ఈ లెక్కలో లేనిదే. ఇక ప్రాక్టికల్‌గా చెప్పాలంటే, మూడేళ్ళకి ఏడాదంతా ఏడిపించి రాయించేది ఐదున్నరేళ్ళకి కొద్ది నెలల్లో వచ్చేస్తుంది, అప్పటికి చెయ్యి తయారుగా ఉంటుంది, బుర్ర తయారుగా ఉంటుంది. అందుకని యూకేజీ సగం నుంచి రాత మొదలుపెట్టే స్కూల్ అయితే ఫస్ట్ క్లాస్‌కి ఏ లోటూ రాదు. యూకేజీ అయిపోయేదాకా పెన్సిల్ ముట్టుకోనివ్వం అంటే మాత్రం మీరు ఇంట్లో చూసుకోవాలి.

మరి ఏ స్కూల్? ఇద్దరూ సెలవు పెట్టుకుని, చెప్పకుండా, ఒక మామూలు రోజు పదిన్నరప్పుడు రెండు చోట్లకీ వెళ్ళండి, ఓపెన్ హౌస్ రోజు మాత్రం వద్దు, ఆ రోజు అందరూ దేవతలే. లోపలికి రానివ్వం అంటే అదే ఒక జవాబు. గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద 2013లో వచ్చిన జాతీయ విధానంలో ఉంది, రోజుకి మూడు నాలుగు గంటలు చాలని, 30 మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది కావాలని కూడా ఉంది, అంటే 375 చదరపు అడుగుల పైమాట, పాత ఇళ్ళలో బెడ్‌రూమ్‌ని క్లాస్‌రూమ్ చేసిన చోట్ల ఇది తప్పకుండా చూడాలి. ఆ తర్వాత బాత్రూమ్. చిన్నపిల్లల స్కూల్ గురించి ప్రిన్సిపల్ చెప్పనివన్నీ బాత్రూమ్ చెప్తుంది, తడి ఉందా, వాసన ఉందా, పిల్లాడు ‘ఆయా’ అని పిలిస్తే ఎంతసేపటికి వచ్చారు, ప్యాంటు తడుపుకుంటే విసుక్కున్నారా. గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు చూడండి, పాతిక బాతులూ ఒకేలా ఉంటే అవి టీచర్ వేసిన బాతులు. టీచర్ గొంతు వినండి, పిల్లలు మాట్లాడుతున్నారా లేక టీచర్ అన్నది తిరిగి అంటున్నారా. ఒక ఏడ్చే పిల్లాడు ఎలాగూ ఉంటాడు, వాడి దగ్గరికి ఎవరు వెళ్ళారో చూడండి. చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడగండి, ‘మావాడు రాయనంటే ఏం చేస్తారు?’ అని. దానికి జవాబు ప్రిన్సిపల్ కన్నా టీచర్ని అడిగితేనే మంచిది, ఆవిడ ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారో కూడా అడగండి, చిన్నక్లాసుల టీచర్లకి జీతాలు తక్కువ, ఏడాదిలో ఇద్దరు ముగ్గురు మారిపోయే చోట ఎంత గొప్ప పద్ధతి అయినా నిలబడదు.

నా లెక్కలో ఆ వ్యాన్ చాలా పెద్ద మైనస్. మూడేళ్ళవాడికి పోను నలభై, రాను నలభై, మార్చి ఏప్రిల్‌లో గుంటూరు ఎండ సంగతి నేను చెప్పాలా, వ్యాన్‌లో నిద్రపోయి, చెమటతో తడిసి ఇంటికొచ్చినవాడికి ఇసకలో ఆడిన లాభం ఏం మిగులుతుంది. అందుకని, మీకు నచ్చకపోవచ్చు గానీ, నేనైతే ముందు బ్రాడీపేట స్కూల్‌కే వెళ్ళి మాట్లాడతా. ‘నర్సరీ ఏడాది మావాడికి రాత హోంవర్క్ వద్దు, టెస్ట్ రోజు రాయకపోతే ఫర్వాలేదు, ర్యాంకు అడగం, కంప్లయింట్ చెయ్యం’ అని మీవారి చేత చెప్పించండి, మీ బావగారి పిల్లలు చదివిన చోటు గనక మొహమాటం పనిచేస్తుంది, చాలాచోట్ల పైకి ఒప్పుకోకపోయినా లోపల సర్దుకుంటారు. టీచర్ నెమ్మదస్తురాలై, గదిలో జనం తక్కువుండి, దీనికి సరేనంటే వెయ్యండి, మిగిలిన ఫీజు డబ్బుల్లో కొంత పెట్టి తెలుగు బొమ్మల కథల పుస్తకాలు కొనండి, రోజూ రాత్రి ఒకటి చదవండి, సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళండి. ఒప్పుకోకపోతే, లేదా గదిలో స్కేలు కనపడితే, అక్కడ వద్దు. అప్పుడు కూడా గోరంట్లే అని లేదు, లక్ష్మీపురం, విద్యానగర్, కొరిటెపాడు, ఇన్ని వీధుల్లో ఇంటికి దగ్గర్లో మూడోది దొరక్కపోదు. మీకు రెండే చూపించి వీటిల్లోంచే ఎంచుకోమని ఎవరూ అనలేదు గదా.

ప్రశ్న: అమ్మా, మాది విజయవాడ సత్యనారాయణపురం, రైల్వేలో రిటైరయ్యాను. మనవడికి నాలుగున్నరేళ్ళు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో ప్రోగ్రెసివ్ స్కూల్ అని ఏడాదిన్నర నుంచి పంపిస్తున్నారు. ఒక్క అక్షరం రాదు. అడిగితే ‘పిల్లాడికి ఇంట్రెస్ట్ వచ్చినప్పుడు అదే వస్తుంది’ అంటారంట. మూలా నక్షత్రం రోజున కొండ మీద అక్షరాభ్యాసం చేయించాం, ఆ పలక అటకెక్కింది. నేను దించి మధ్యాహ్నం పూట ఓనమాలు దిద్దిస్తుంటే మా అబ్బాయి చూసి కోప్పడ్డాడు, పిల్లాణ్ణి పాడుచేస్తున్నానంట. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పేం కాదు బాబాయి గారూ, కానీ మీ అబ్బాయిది కూడా పూర్తిగా తప్పు కాదు, ఎందుకో చెప్తా. నాలుగున్నరకి అక్షరం రాయకపోవడం లోటు కాదు. కానీ ఏడాదిన్నర బడికెళ్ళిన పిల్లాడికి తన పేరు ఏ శబ్దంతో మొదలవుతుందో తెలీకపోతే, కథ విని మళ్ళీ చెప్పలేకపోతే, అప్పుడు మాత్రం అడగాలి. మంచి ప్రోగ్రెసివ్ స్కూల్లో టీచర్‌కి ఏ పిల్లాడు ఎక్కడున్నాడో వేళ్ళ మీద ఉంటుంది, ‘వీడు శబ్దాలు గుర్తుపడుతున్నాడు, తర్వాత ఫలానాది మొదలుపెడతాం’ అని చెప్పగలుగుతుంది. ‘అదే వస్తుంది’ అనేది పద్ధతి కాదు, బద్ధకం. మీ అబ్బాయినీ కోడల్నీ వెళ్ళి ఈ మాటే అడగమనండి, మీరు వెళ్తే ‘తాతగార్లు ఇంతే’ అనుకుంటారు.

మీ మధ్యాహ్నం బడి కొనసాగించండి, రెండు చిన్న మార్పులతో. దిద్దించడం కన్నా ముందు చెవికి పని పెట్టండి, వేమన పద్యాలు, సుమతి శతకం, పొడుపుకథలు, ప్రాస కుదిరే మాటలాట, ‘క’తో మొదలయ్యేవి ఇంట్లో ఏమున్నాయో వెతకడం. శబ్దాన్ని విడదీసి వినగలిగిన పిల్లాడికి చదవడం తొందరగా వస్తుంది, ఇందులో పాత కొత్త అందరూ ఒప్పుకుంటారు. పలక కూడా మంచిదే, పేజీ పాడవుతుందన్న భయం లేదు, తుడిచేస్తే పోయె, కాకపోతే సన్న బలపం బదులు లావు చాక్‌పీస్ ఇవ్వండి, పలకంతా నిండేలా ఒకే పెద్ద అక్షరం రాయనివ్వండి, వాడు లేచి వెళ్ళిపోతే ఆ రోజుకి బడి అయిపోయినట్టే, వెనక్కి పిలవొద్దు. ఇలా చేస్తే మీ అబ్బాయికి కోప్పడటానికి ఏమీ దొరకదు.

ప్రశ్న: అక్కా, కృష్ణలంకలో ఉంటాం, ఇంట్లోనే టైలరింగ్ చేస్తా. పాపకి మూడున్నర. ఈ మాంటిస్సోరీలు, కాన్వెంట్లు మావల్ల కాదు. మా వీధి చివర అంగన్‌వాడీకి పంపితే చాలా? అక్కడ ఇంగ్లీష్ రాదని, అన్నం పెట్టి పడుకోబెడతారని పక్కింటోళ్ళు అంటున్నారు.

జవాబు: అన్నం పెట్టి పడుకోబెట్టడం మూడున్నరేళ్ళ పిల్లకి తక్కువ సంగతి కాదు చెల్లీ, ముందు అది తెలుసుకోమను పక్కింటోళ్ళని. మాంటిస్సోరి పేరు చెప్పి వేలకి వేలు కట్టించుకుంటున్నారు గానీ, ఆవిడ రోమ్‌లో మొదటి బడి పెట్టింది కూలీల వాడలో, అమ్మానాన్నలు పనికి పోతే మెట్ల మీద తిరుగుతున్న పిల్లల కోసం. మన దేశంలో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి గారు 1920లో బాలమందిరం పెట్టారు, ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ గారు ఆ చదువుని పల్లెల్లో, పేదల వాకిళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు, అంగన్‌వాడీ అనే ఆలోచన అక్కడినుంచే వచ్చింది, 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్ పేరుతో మొదలుపెట్టింది. అంటే వంశం చూస్తే మీ వీధి చివరి అంగన్‌వాడీ బెంజ్ సర్కిల్ స్కూల్‌కి ఏమాత్రం తీసిపోదు.

కానీ వంశం చూసి పంపమని చెప్పను, వెళ్ళి చూడు. టీచర్ టైంకి వస్తుందా, పిల్లలతో పాటలు కథలు నడుస్తున్నాయా లేక రిజిస్టర్లు రాసుకోవడంతోనే సరిపోతుందా (పాపం వాళ్ళకి ఆ రాతపని చాలా ఎక్కువ, సర్వేలకి కూడా వాళ్ళనే తిప్పుతారు), గుడ్డు పాలు సరిగ్గా ఇస్తున్నారా, తాగే నీళ్ళెలా ఉన్నాయి. నువ్వు ఇంటి దగ్గరే ఉంటావు గనక మధ్యలో ఒకసారి తొంగిచూడొచ్చు, వేలు కట్టినోళ్ళకి లేని అదృష్టం అది. ఇంగ్లీష్‌కి ఇప్పుడు తొందర లేదు. నువ్వు మిషన్ తొక్కుతున్నప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు రంగుల వారీగా, సైజుల వారీగా డబ్బాల్లో వేయమను, గుడ్డముక్కల్లో పొడుగేది పొట్టేది అడుగు, దాంతో తెలుగులో కబుర్లాడు. కత్తెర, సూదులు, నోట్లో పట్టే చిన్న గుండీలు మాత్రం అందకుండా చూస్కో.

ప్రశ్న: నమస్తే మేడమ్. భవానీపురంలో ఒక చిన్న స్కూల్లో ఎల్‌కేజీ టీచర్ని. నాకు ఆటలతో, పాటలతో చెప్పడం ఇష్టం, మా కరస్పాండెంట్ సార్ కూడా ఏమీ అనరు. పేరెంట్సే ఊరుకోవట్లేదు. గేటు దగ్గర ‘ఇవాళ ఏం రాయించారు’ అని ఒకటే ప్రశ్న. కాపీ ఖాళీగా ఉంటే ఫీజు దండగ అంటున్నారు. ఇద్దరు టీసీ కూడా తీసుకున్నారు. నేనేం చెయ్యాలి?

జవాబు: పై మూడు ఉత్తరాలు చదివిన పేరెంట్స్ అందరూ దీన్ని కూడా చదవాలని కోరుకుంటున్నా. మనం స్కూళ్ళని తిడతాం గానీ సగం స్కూళ్ళు రాయించేది మన కోసమే, కాపీ నిండితే మనకి డబ్బులు పనిచేసినట్టు అనిపిస్తుంది.

టీచరమ్మా, వాళ్ళు అడిగేది ఇంటికి ఏదో ఒక ఋజువు రావాలని. అది రాతే అవ్వాలని ఏం లేదు, కాకపోతే ఏమీ పంపకపోతే కుదరదు. డైరీలో రోజుకో వాక్యం రాయి, ‘ఈరోజు గింజలు ఐదేసి కుప్పలు పెట్టాం, ఇంట్లో చెంచాలతో చేయించండి’, ‘ప శబ్దంతో మాటలు వెతికాం, మీ వంటింట్లో ఎన్ని ఉన్నాయో అడగండి’ అని. గేటు దగ్గర పిల్లాణ్ణే ముందుకి తోసి ‘అమ్మకి ఇవాళ కథ చెప్పు’ అను, నాలుగు రోజులకి ఆ అమ్మ అడిగే ప్రశ్న మారుతుంది. పిల్లాడు గీసిన గీతలన్నీ తారీఖు వేసి ఒక ఫైల్లో పెట్టు, జూన్‌లో గీసింది, అక్టోబర్‌లో గీసింది పక్కపక్కన పెట్టి పేరెంట్స్ మీటింగ్‌లో చూపించు, నూరు మాటలు చెప్పక్కర్లేదు. నాన్నల్ని కూడా మీటింగ్‌కి రమ్మను, టీసీ నిర్ణయాలు చాలాచోట్ల వాళ్ళవే. ఆ మీటింగ్‌లో నలుగురు పేరెంట్స్‌ని చిన్న కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎడంచేత్తో ఫోర్ లైన్స్ కాపీలో ఒక పేజీ ‘అ’ రాయమని చెప్పు, మధ్యలో రెండుసార్లు ‘గీత దాటింది, మళ్ళీ రాయండి’ అను. నవ్వుతారు, తర్వాత కాసేపు ఆలోచిస్తారు. అయినా ఒకరిద్దరు వెళ్ళిపోతారు, వెళ్ళనియ్, మీ సార్ ఏమీ అనట్లేదంటున్నావు గదా, అలాంటి సార్ ఉన్నంతవరకు ఆ స్కూల్ వదలకు.